గేర్‌బాక్సు మార్చక తప్పదా?

ప్రశ్న: చేతితో గేర్లు మార్చే మా పాత కారు ఎక్సలేటర్ తొక్కితే ఇంజను హోరు పెరుగుతోంది గాని వేగం అందుకోవడం లేదు. మెకానిక్ విప్పి చూడకుండానే గేర్‌బాక్సు మొత్తం మార్చాలని, 80 వేలు అవుతుందని చెప్పారు. నమ్మవచ్చునా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: తొందరపడి డబ్బు కట్టకండి. మీరు చెప్పిన లక్షణం అరిగిపోయిన క్లచ్ ప్లేటుది (ఇంజను శక్తిని గేర్‌బాక్సుకు అందించే పలకది) కావడానికే ఎక్కువ అవకాశం ఉంది. గేర్‌బాక్సే చెడితే గేరు పడేటప్పుడు గరగరమనడం, వేసిన గేరు తనంతట తాను జారిపోవడం, బేరింగులు మోగడం వంటివి సాధారణంగా కనిపిస్తాయి. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వెళుతూ, పై గేరులో ఉంచి ఎక్సలేటర్ ఒక్కసారి బలంగా తొక్కినప్పుడు వేగం పెరగకుండా ఇంజను చుట్లు మాత్రమే ఎగబాకితే, క్లచ్ జారుతున్నదని దాదాపుగా నిర్ధారించుకోవచ్చు. అయితే ప్లేటు వేడెక్కుతుంది కనుక ఈ పరీక్షను పదేపదే చేయకూడదు.

గేర్ ఆయిల్‌ను మీ కళ్ల ముందే దింపించండి. అందులో సన్నని లోహపు పొడి ఉండటం సహజమే గాని, గేరు పళ్ల ముక్కలు కనిపిస్తే లోపల దెబ్బతిన్నట్లే. అప్పుడు కూడా చాలాసార్లు గేర్‌బాక్సు మొత్తం కాకుండా, చెడిన గేరు, దానితోపాటు దెబ్బతిన్న బేరింగులు, సింక్రో రింగులు (గేరు సాఫీగా పడేలా చేసే రింగులు) మార్చితే సరిపోతుంది. ఆ మెకానిక్ మోసగాడని నేను అనను. చూడకుండా చెప్పిన తీర్పుకు 80 వేలు పెట్టవద్దంటున్నాను. రెండో అభిప్రాయం తప్పక తీసుకోండి, కాని ఈ స్థితిలో బండిని హైవే మీద నెల్లూరు దాకా నడపకుండా, ఊళ్లోనే మరో మెకానిక్‌కు చూపించి, విడిభాగాల ధర, కూలి వేర్వేరుగా కాగితం మీద రాయించుకోండి.