గోధుమలో తుప్పు తెగులు: అడవి గడ్డి చేసే మేలు

ప్రశ్న: యాసంగిలో రెండెకరాలు లోక్‌-1 గోధుమ వేశాను. ఆకుల మీద ఇటుక రంగు పొక్కులు లేచాయి. చేనులోకి దిగితే ప్యాంటుకు పొడి అంటుతోంది. గోధుమకు చుట్టమైన అడవి గడ్డితో ఈ తెగులు ఆగుతుందని విన్నాను. ఆ గడ్డిని గెట్టు మీద పెంచితే చాలా?
– ఒక రైతు, బోథ్ మండలం, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: ముందు చేను సంగతి చూద్దాం. ఆకును బొటనవేలితో రుద్దండి. గోధుమరంగు పొడి వేలికి అంటితే అది ఆకు తుప్పు తెగులే. పైఆకు ఇంకా పచ్చగా ఉండి గింజ పాల దశ దాటకపోతే వెంటనే ప్రోపికొనజోల్ 25 ఇ.సి. లీటరు నీటికి 1 మి.లీ. కలిపి, ఎకరాకు 200 లీటర్ల మందునీరు ఆకులన్నీ తడిసేలా కొట్టండి. పదిహేను రోజులకీ తెగులు పాకుతుంటే మరోసారి కొట్టాలి. గింజ గట్టిపడితే మాత్రం మందుకు డబ్బు పెట్టకండి, ఫలితం ఉండదు.

ఇక గడ్డి మాట. గెట్టు మీద పెంచితే లాభం లేదండి. ఈ తెగులు బీజాలు నీలగిరి, పళని కొండల్లో ఏడాది పొడవునా బతికి, గాలిలో మన దాకా కొట్టుకొస్తాయి. గెట్టు మీది గడ్డి వాటిని ఆపలేదు. దాని బలం గోధుమ విత్తనంలోకే చేరాలి.

1956లో అమెరికా శాస్త్రవేత్త ఎర్నెస్ట్ సియర్స్ ఆ పని చేసి చూపించారు. ఈజిలోప్స్ అనే గడ్డి మన గోధుమతో నేరుగా సరిగా కలవదు. అందుకని ముందు ఎమ్మర్ అనే పాతకాలపు గోధుమతో సంకరం చేసి, ఆ సంతతిని మామూలు గోధుమతో కలిపారు. తర్వాత ఎక్స్‌రేలతో గడ్డి క్రోమోజోమ్‌ను తుంచి, తెగులును తట్టుకునే ముక్క ఒక్కటే గోధుమలో అతికేలా చేశారు. ఇంత ఓపికగా చేసినా ఒక్కోసారి అక్కరలేనిదీ వెంట వస్తుంది. వీట్‌గ్రాస్ అనే మరో అడవి గడ్డి నుంచి తెచ్చిన, ఆకు తుప్పును తట్టుకునే ఎల్‌ఆర్ 19 అనే జన్యువుతో పాటు పిండికి పసుపు రంగు వచ్చింది. దాన్ని వదిలించడానికి మళ్లీ ఏళ్లు పట్టింది. అదే గడ్డి జాతి నుంచి వచ్చిన ఎల్‌ఆర్ 24 జన్యువును మన దేశపు గోధుమ రకాల్లోనూ వాడారు.

మన వరిలోనూ ఇదే జరిగింది. 2008లో విడుదలైన మెరుగైన సాంబ మసూరి ఎండాకు తెగులును తట్టుకోవడానికి ఆఫ్రికా అడవి వరి నుంచి తెచ్చిన జన్యువు ఒక కారణం.

అయితే ఒక్క జన్యువునే నమ్ముకుంటే తెగులు కొన్నేళ్లలో దాన్ని దాటేస్తుంది. అందుకే రకం మారుస్తూ ఉండాలి. మీ లోక్‌-1 పాతది, తుప్పుకు త్వరగా లొంగుతుంది. వచ్చే యాసంగికి ద్వీపకల్ప ప్రాంతానికి సిఫార్సు చేసిన ఎం.ఎ.సి.ఎస్. 6222 లాంటి రకం తెచ్చుకుని, నవంబరు మొదటి పక్షంలోనే విత్తండి.