అక్క మెకానికల్ అంటే మెచ్చుకున్నవాళ్లే తమ్ముడు నర్సింగ్ అంటే నవ్వుతున్నారు

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు బంధువులంతా మెచ్చుకున్నారు. ఇప్పుడు మావాడు బీఎస్సీ నర్సింగ్ చదువుతానంటుంటే వాళ్లే నవ్వుతున్నారు. వాడు మొదటి నుంచీ కాస్త మెతక. ఈ ఆలోచన మాన్పించి వేరే కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: నవ్వుతున్నారని మాత్రం మాన్పించకండి. అలాగని రేపే ఫీజు కట్టేయమనీ చెప్పను.

మీ పిల్లలిద్దరూ చేసింది ఒకటే, నచ్చిన చదువు ఎంచుకున్నారు. కానీ మగవాళ్ల పని అనుకునే దాంట్లోకి అమ్మాయి వెళ్తే మెట్టెక్కినట్టు, ఆడవాళ్ల పని అనుకునే దాంట్లోకి అబ్బాయి వెళ్తే మెట్టు దిగినట్టు లెక్క. అంటే ఆ రెండో పనిని ముందే కింద పెట్టేశారన్నమాట.

పని ఎంత కష్టమన్నది చూసి వేసిన వెల కాదది. ఎనియాక్ అనే తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్‌కు మొదట ప్రోగ్రామింగ్ చేసింది ఆరుగురు మహిళలు. 1946లో ఆ యంత్రాన్ని లోకానికి చూపించినప్పుడు వాళ్లను ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే అప్పట్లో దాన్ని గుమాస్తా తరహా పని అనుకునేవారు. తర్వాత మగవాళ్లు నిండాక అదే మేధావుల పనైంది. దీనికి తిరగేసిన కథా ఉంది. 1950 నుంచి 2000 దాకా అమెరికా జనగణన లెక్కలు చూసిన పరిశోధకులు, ఒక వృత్తిలోకి ఆడవాళ్లు ఎక్కువగా వచ్చాక అక్కడి జీతాలు మిగతావాటికంటే వెనకబడ్డాయని 2009లో తేల్చారు.

కాబట్టి జీతం గురించి మీకు దిగులుంటే అర్థం చేసుకోగలను. బాధ్యతకు తగ్గ జీతం నర్సులకు చాలాచోట్ల రాదు. విచిత్రం ఏంటంటే, అందులోనూ మగవాళ్లు త్వరగా పైకెళ్తారు. రోగుల దగ్గరే ఉంటానన్నా సూపర్‌వైజర్ పోస్టుల వైపు తోస్తారని అమెరికా సామాజిక శాస్త్రవేత్త క్రిస్టీన్ విలియమ్స్ 1992లోనే రాశారు. అన్యాయమే, కాకపోతే మీవాడికి కలిసొచ్చేది!

ఇక 'మెతక' సంగతి. మందు మోతాదు తప్పుగా రాశారని సీనియర్ డాక్టరుకు ఎదురు చెప్పాల్సింది నర్సే. తాగొచ్చి గొడవ చేసే రోగిని మాటలతో దారికి తేవాల్సిందీ నర్సే. నెమ్మదితనం అక్కడ పనికొస్తుంది, నోరు విప్పలేనితనం పనికిరాదు. మీవాడిది ఏదో మీకే తెలియాలి.

నేను చూడమనేవి వేరే. నైట్ డ్యూటీలు తట్టుకోగలడా? రక్తం, మలమూత్రాలు చూసి వెనక్కి తగ్గకుండా ఉంటాడా? డోసు లెక్కలు తప్పకుండా చేయగలడా? కొందరు స్త్రీ రోగులు మగ నర్సు వద్దంటారు, అది వాళ్ల హక్కు, దాన్ని అవమానంగా తీసుకోకూడదు. మరోపక్క బరువైన రోగులను ఎత్తాలన్న ప్రతిసారీ ముందు వీడినే పిలుస్తారు. ఐసీయూ, ఎమర్జెన్సీ, డయాలసిస్ లాంటి విభాగాల్లో అనుభవం వస్తే అవకాశాలు పెరుగుతాయి.

మీ అమ్మాయికి కూడా ఒక మాట. ఉద్యోగంలో గట్టిగా మాట్లాడితే పొగరంటారు, మెల్లగా మాట్లాడితే నాయకత్వం లేదంటారు. ఇప్పుడు మెచ్చుకుంటున్నవాళ్లు అప్పుడు తోడు రారు.

దరఖాస్తు గడువులోపు, పనిలో ఉన్న మగ నర్సులు ఇద్దరు ముగ్గురితో అబ్బాయిని మాట్లాడించండి. వీలైతే మీరూ పక్కన కూర్చోండి. జీతం, సెలవులు, డ్యూటీ వేళలు మొహమాటపడకుండా అడగండి. అన్నీ విన్నాక కూడా చేరతానంటే చేర్పించండి.