అమ్మడూ, బానెట్ ఎత్తే ముందు ఇది చదువు

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. బండి ఇంజినును చల్లబరిచే రేడియేటరు ఫ్యాన్ల వైరింగు నువ్వే విప్పి చూస్తానన్నావట. "నా మాట వినడం లేదు, నువ్వైనా చెప్పన్నయ్యా" అన్నాడు. నేను వద్దని చెప్పను. నా కొడుకులిద్దరూ మల్టీమీటరు వైపు కన్నెత్తి చూడలేదు. నువ్వు పట్టుకుంటానంటే కాదనడానికి నాకు నోరెలా వస్తుంది? కాకపోతే చెన్నై మాధవరంలో లారీల కింద పడుకుని నేర్చుకున్న నాలుగు మాటలు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తిట్లు కూడా ఉంటాయి, ఓపిగ్గా చదువు.

ముందు జడ ముడి వేసుకో. చున్నీ ఇంట్లోనే వదిలెయ్యి. తాళం జేబులో ఉంది కదా అని రెక్కల మధ్య చెయ్యి పెట్టకు. చాలా బండ్లలో ఇంజిను ఆపాక కూడా వేడి తగ్గకపోతే ఫ్యాను దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది. పుదుపేటలో మా పక్క షెడ్డు కుర్రాడు ఆ సంగతి తెలియక వేలి కొస పోగొట్టుకున్నాడు. వాడు టీ గ్లాసు పట్టుకునే తీరు చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. బ్యాటరీ నెగటివ్ తీసి పక్కన పెట్టాకే రెక్కల దగ్గరికి వెళ్లు. వేడి మీద రేడియేటర్ మూత విప్పకు. ఫ్యానుకు కరెంటు కలిపి తెంపే చిన్న డబ్బా, అదే రిలే, దాని మీద అనుమానం వస్తే పక్కనున్న అదే నంబరు రిలేతో మార్చి చూడు, అక్కడితో ఆ సంగతి తేలిపోతుంది.

అసలు చిక్కు వేరే చోట ఉంది. ప్లగ్గు ఊడదీసి చూస్తే మీటరులో 12 వోల్టులు వస్తున్నాయట, ప్లగ్గు పెడితే ఫ్యాను మూలుగుతోందట. అంతటితో ఫ్యాను పోయిందని మీ నాన్న తేల్చేసి కొత్తది బేరం కూడా ఆడాడు. వాడి తొందర వాడిది. ప్లగ్గు ఊడదీశాక ఆ తీగలో కరెంటు పారదు. పారనప్పుడు తీగలో ఒక్క పోగు మిగిలినా మీటరు 12 అనే చూపిస్తుంది. కరెంటు లాగుతున్నప్పుడే దాని గుట్టు బయటపడుతుంది. అందుకని ప్లగ్గు పెట్టే ఉంచి, ఫ్యాను తిరుగుతుండగా వెనక నుంచి సన్నని పిన్ను దూర్చి కొలువు. మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఫ్యాను ఎర్త్ తీగ మీద, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే తీగ మీద పెట్టు. అర వోల్టు దాటిందంటే రోగం ఎర్త్ దారిలోనే ఉంది. తర్వాత బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యాను పాజిటివ్ దాకా, ఆ తర్వాత రిలేలో కరెంటు వచ్చే 30, పోయే 87 కాళ్ల మధ్య ఇలాగే చూడు. 20 ఆంపియర్లు పోయే దారిలో ఓములో పదో వంతు అడ్డు చాలు, 2 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి, 40 వాట్ల వేడి అక్కడే పుడుతుంది. కనెక్టరు లోపల సోల్డరింగ్ ఐరన్ పెట్టి మూసినట్టే.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు చెన్నై మునిగినప్పుడు మీ బండి మా షెడ్డు ముందే నీళ్లలో నిలబడిపోయింది, మరిచిపోకు. కనెక్టరు పైకి శుభ్రంగా కనిపించినా, నీరు రాగి పోగుల సందుల్లోంచి తొడుగు లోపలికి పాకుతుంది. ఎర్త్ తీగ కొసన బోల్టుకు బిగించే లగ్గు దగ్గర రెండంగుళాలు ఒలిచి చూడు. పచ్చగా చిలుము పట్టి ఉన్నా, నల్లబడి ఉన్నా, మెరిసే రాగి కనిపించేదాకా కోసెయ్యి.

ఇప్పుడొక సంగతి. నేను చెప్పానని మీ నాన్నతో అనకు.

నువ్వు ఇంకా బడికి పోని రోజుల్లో వాడు మదనపల్లె టమాటాలు కోయంబేడుకు తోలేవాడు. ఆ చిన్న బండికి ఫ్యాను ఫ్యూజు మాటిమాటికీ పోయేది. 20 ఆంపియర్ల పసుపు ఫ్యూజు. ఏదో షెడ్డులో దాని బదులు 30 ఆంపియర్ల ఆకుపచ్చది పెట్టి పంపారు. ఒక రాత్రి తిరుగు లోడుతో చిత్తూరు దాటాక అదీ పోయింది. ఎదురుగా మొగిలి ఘాటు. మీ నాన్న ఒక తీగ ఒలిచి, రాగి పోగులు మెలిపెట్టి, ఫ్యూజు కాళ్లకు చుట్టాడు. ఫ్యాను తిరిగింది. పని అయిపోయిందనుకున్నాడు.

ఘాటులో బండి నత్తనడకన ఎక్కుతుంది, ఎదురుగాలి ఉండదు, ఇంజిను మీద మోయలేనంత బరువు. ఫ్యాను ఆగకుండా తిరగాల్సింది అక్కడే. సగం ఎక్కాక డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ వచ్చింది. బండి ఆపి దూకి, కాలుతున్న తీగనే చేత్తో పట్టి లాగాడు. వాడి కుడి అరచేతిలో మచ్చ సైలెన్సరు తగిలి వచ్చిందని నీకు చెప్పాడు కదూ? కాదు.

తర్వాత ఆ వైరింగంతా నేనే విప్పాను. రేడియేటరు పట్టీ అంచుకు ఒరుసుకుని తీగ తొడుగు చిరిగింది. రెండు మిల్లీమీటర్ల రాగి బయటపడింది, అంతే. గుంతలో పడ్డప్పుడల్లా అది పట్టీకి తగిలేది, ఫ్యూజు పోయేది. ఫ్యూజు కాపాడేది తీగను. అది తన పని తాను చేస్తుంటే వీళ్లు దాని నోరు నొక్కేశారు. ఎందుకు పోతోందని ఒక్కరూ అడగలేదు. ఆ రాత్రి ఆసుపత్రిలో వాడు "వదినకు చెప్పకు" అన్నాడే గానీ నొప్పి అనలేదు. నువ్వు బానెట్ ఎత్తుతానంటే వాడెందుకు వణికిపోతున్నాడో ఇప్పుడు తెలిసిందా? వాడి మీద విసుక్కోకు.

కొత్త తీగ వేయాల్సి వస్తే 4 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 6 అయితే ఇంకా నయం. అంచులు తగిలే ప్రతిచోటా తొడుగు వెయ్యి. లగ్గును తీగ మీద నొక్కి బిగించి, అదే క్రింప్ చేసి, పైన స్లీవు ఎక్కించు. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఒక్కటి కనిపించినా నా తమ్ముడి కూతురివని ఎవరికీ చెప్పకు! అంతా బిగించాక రేడియేటరు ముందు ఒక కాగితం పెట్టు. ఫ్యాను దాన్ని లాగి పట్టుకోవాలి. ఎగరగొట్టిందంటే ప్లస్సు, మైనస్సు తారుమారయ్యాయి.

బెంగళూరు జె.సి. రోడ్డులో రిలే కొంటే దాని మీద 12 అని ఉందో లేదో చదివి కొను. పెద్ద లారీల 24 వోల్టుల రిలే అంటగడితే మీ బండి 12 వోల్టులకు అది పని చేయదు. మీ నాన్నకు టార్చి ఇచ్చి పక్కన నిలబెట్టుకో, సలహాలు మాత్రం ఇవ్వనివ్వకు. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ముందే ఆ మూడు కొలతలూ నాకు ఫోనులో చదివి వినిపించు.

ఇట్లు,
పెదనాన్న