పంపకాల నాడు ఆ చాంబర్ మూత కనిపించేదా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది విజయవాడ. మా మామగారు, చినమామగారు కలిసి 1994లో కట్టిన ఇంటిని 2009లో రిజిస్టరు పత్రం రాసుకుని పంచుకున్నారు. వెనక భాగం మాది, ముందు భాగం వారిది. మా మురుగు పైపు వారి వాకిట్లోంచి వీధి మ్యాన్‌హోల్‌కి వెళుతుంది. చినమామగారు పోయాక, నా చేతి అన్నం తిని పెరిగిన మరిది మాటైనా చెప్పకుండా ముందు భాగం అమ్మేశాడు. కొన్నాయన పార్కింగ్ కోసం ఏడు నెలల కింద ఆ వాకిట్లో ఉన్న మా చాంబర్‌లో (మురుగు పైపు శుభ్రం చేసుకోవడానికి మూత పెట్టి కట్టిన తొట్టిలో) కాంక్రీటు పోయించాడు. కార్పొరేషన్‌వాళ్లు అది ప్రైవేటు తగాదా అన్నారు. పెరట్లో ట్యాంకు కట్టుకుని, నిండినప్పుడల్లా కూలీని దింపి తోడిస్తున్నాం. పన్నెండేళ్లు దాటాయి కనుక హక్కు మీదే, రాత్రికి రాత్రి పగలగొట్టించండి అని తెలిసినవాళ్లు అంటున్నారు. మరిది మీద కేసు వేయొచ్చా?

జవాబు: అమ్మా, ముందుగా ఆ కూలీని దింపడం ఈ రోజే ఆపండి. రక్షణ సామగ్రి లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది కార్పొరేషన్‌కే కాదు, ఇంటి యజమానికీ వర్తిస్తుంది. ఆ విషవాయువుకు మనిషి నిమిషాల్లో పడిపోతాడు. యంత్రం ఉన్న బండిని పిలవండి.

మరిది సంగతి వదిలేయండి. పంపకాలయ్యాక తన వాటా అమ్ముకోవడానికి మీ అనుమతి అక్కర్లేదు. అతని మీద కేసు గెలిచినా మీ పైపు తెరుచుకోదు. మీ వ్యవహారాన్ని తేల్చేది ఒక్కటే: 2009లో పంచుకున్న రోజున ఆ పైపు అక్కడ ఉందా? ఉన్నట్టు చూస్తే తెలిసేదా?

పన్నెండేళ్ల లెక్క స్థలాన్నే ఆక్రమించి సొంతం చేసుకునే దావాలది, మీకు పనికిరాదు. పక్కవారి నేలలోంచి పైపు వేసుకునేలాంటి హక్కును ఈజ్‌మెంట్ అంటారు, దానికి 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఉంది. ఆ చట్టం సెక్షన్ 15కి ఇరవై ఏళ్ల వాడకం కావాలి. 1994 నుంచి లెక్కవేస్తామంటే కుదరదు. 2009 దాకా అది ఉమ్మడి ఇల్లు, సొంత నేల మీద ఈజ్‌మెంట్ పుట్టదు. 2009 నుంచి ఇరవై ఇంకా నిండలేదు. ఆ వాదన మీదే దావా వేస్తే ఓడిపోతారు.

మిమ్మల్ని కాపాడేది సెక్షన్ 13. ఉమ్మడి ఆస్తి పంచుకున్నప్పుడు ఒక వాటాను అప్పటిదాకా అనుభవించిన తీరులోనే అనుభవించడానికి రెండో వాటాలోంచి పైకి తెలిసే, నిరంతరం నడిచే సదుపాయం అవసరమైతే, పత్రంలో వేరేగా రాసుకోనంతవరకూ ఆ హక్కు వాటాతోపాటే వస్తుంది. నేలలో ఉన్న పైపు పైకి ఎలా తెలుస్తుందంటారా? విషయం తెలిసినవాడు జాగ్రత్తగా పరిశీలిస్తే కనిపెట్టగలిగే మురుగు కాలువ ‘పైకి తెలిసేదే’ అని సెక్షన్ 5లోని ఉదాహరణే చెబుతోంది. కొన్నాయన నాకు తెలియదంటే చెల్లదు, వాకిట్లో మూత చూసే కొన్నాడు. ‘సెప్టిక్ ట్యాంకు కట్టుకోవచ్చుగా’ అని ఎదుటి లాయరు తప్పక అంటాడు. మరో దారి లేనప్పుడే వచ్చే హక్కుకు ఆ మాట అడ్డం, ఈ హక్కుకు కాదు. అందుకే దావాలో దీన్నే ముందు రాయించండి.

ఇక సాక్ష్యం. పంపకాల పత్రంలో డ్రైనేజీ మాట ఉందేమో అక్షరం అక్షరం చదవండి. కార్పొరేషన్ అన్నది నిజమే, వీధి లైను వారిది, ఇంటి నుంచి మ్యాన్‌హోల్ దాకా పైపు మీది. కానీ మంజూరైన ప్లాను, కనెక్షన్ దరఖాస్తు వారి దగ్గర ఉంటాయి. సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. 2009కి ముందు ఇంట్లో జరిగిన పెళ్లి ఫొటోలు తీసి చూడండి. వాకిట్లో ముగ్గు పక్కన ఆ మూత కనిపిస్తే, పదిమంది సాక్షుల కంటే ఆ ఒక్క ఫొటో మేలు. ఇప్పుడు ఫోన్లో తీసేవాటికి 2023 నాటి కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియమ్) సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, ఫోను మార్చకండి.

పగలగొట్టే ఆలోచన పొరపాటున కూడా వద్దు. అడ్డంకిని హక్కుదారు స్వయంగా తొలగించకూడదని ఈజ్‌మెంట్ల చట్టం సెక్షన్ 36 సూటిగా చెబుతోంది. గెలిచే దావా చేతిలో ఉండి క్రిమినల్ కేసులో ముద్దాయిలవుతారు. ప్లంబరు వాననీటి కాలువలో కలుపుతానన్నా ఒప్పుకోకండి, నిబంధన తప్పింది మీరేనని వేలెత్తి చూపిస్తారు.

ఏడు నెలలు ఏం చేశారమ్మా? అడ్డంకి కొనసాగుతున్నంత కాలం లిమిటేషన్ చట్టం సెక్షన్ 22 వల్ల దావాకు కాలదోషం పట్టదు, సరే. కానీ మధ్యంతర ఉత్తర్వు అడగ్గానే జడ్జిగారు వేసే మొదటి ప్రశ్న ఇదే. ఈలోగా ఆ పైపు మీద గోడ లేస్తే, పైపుకు బదులు డబ్బు తీసుకోమని కోర్టు అనే ప్రమాదం ఉంది.

ఈ వారంలోనే రిజిస్టర్డ్ నోటీసు ఇప్పించండి. అందులో ఒక ప్రతిపాదన కూడా పెట్టండి: పైపును ప్రహరీ పక్కకు మార్చడానికి సిద్ధం, ఖర్చు మాది, రిజిస్టరు ఒప్పందం రాసుకుందాం అని. పార్కింగ్ కావాలనుకునే మనిషి దీనికి చాలాసార్లు ఒప్పుకుంటాడు. పదిహేను రోజుల్లో కదలకపోతే ఇంజంక్షన్ దావా (అడ్డంకి తీయించమని కోర్టు ఉత్తర్వు కోరే దావా) వేసి, కాంక్రీటు కింద ఏముందో చూడటానికి అడ్వొకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున వచ్చి చూసి నివేదిక ఇచ్చే లాయరును) వేయమని అదే రోజు పిటిషన్ పెట్టండి.