ఫిల్మ్ స్కూల్‌లో చదవకుండా మన ఊరి మనుషుల కష్టాల మీద డాక్యుమెంటరీ తీయొచ్చా?

తీయొచ్చు, మన దగ్గరే తీశారు కూడా. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని ఒక స్వచ్ఛంద సంస్థ ఉంది, దాని కింద ఊరూరా ఉన్న మహిళా సంఘాల్లోని దళిత ఆడవాళ్ళు, చాలామందికి చదవడం రాయడం కూడా రాదు, పొలం పనులు చేసుకుంటూనే వీడియో కెమెరా నేర్చుకుని విత్తనాల మీద, చిరుధాన్యాల మీద సినిమాలు తీశారు.

నాకు భలే నచ్చేది వాళ్ళు షాట్లకి పెట్టుకున్న పేర్లు. పైనుంచి కిందికి చూపిస్తే పటేల్ షాట్ అంట, పటేల్ అంటే ఊరి భూస్వామి, ఆయన వీళ్ళని చూసేది అట్లాగే మరి, కళ్ళకి సమానంగా కెమెరా పెడితే సంఘం షాట్, సంఘంలో అందరూ ఒకటే కాబట్టి. ఏ క్లాసులో చెప్తారండీ ఇంత బాగా?

2002లో బీటీ పత్తికి, అంటే పురుగుని తట్టుకునేలా జన్యువులు మార్చిన పత్తికి, పర్మిషన్ వచ్చినప్పుడు ఈ ఆడవాళ్ళు వరంగల్ జిల్లాలో మొదటి సీజన్‌లోనే ఆ విత్తనం వేసిన రైతుల దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి షూట్ చేశారు, అందుకే విత్తినప్పటి ఆశ, నష్టపోయాక వచ్చిన కోపం రెండూ రైతుల నోటితోనే వినిపిస్తాయి. అదే టీవీ వాళ్ళయితే అంతా అయిపోయాక ఒకరోజొచ్చి కెమెరా ముందు రెండు మాటలు చెప్పించుకుని పోతారు.

మీకైతే ఇప్పుడు ఫోన్ చాలు, కానీ కాలర్ మైక్ మాత్రం కొనండి, పొలం గట్టు మీద గాలికి సగం మాటలు పోతాయి. ఇంకోటి, ఎవరి ఇంటి కష్టమైనా చూపిస్తుంటే ఎడిట్ అయ్యాక ముందు వాళ్ళకి చూపించండి, వద్దన్న ముక్క తీసేయండి.