వైజాగ్ ఉక్కపోతలో కుర్తీ చేతులు

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు అన్నీ చూశాను. రుషికొండ ఆఫీసుకని కొన్న కుర్తీల రంగులు బాగున్నాయి. కానీ ప్రతి ఫోటోలోనూ చున్నీని రెండు జబ్బల మీదా కప్పుకుని, మోచేతులు ఒంటికి అదుముకుని నిలబడ్డావు. కింద "వీటి మీద ష్రగ్ వేసుకుంటాలే పెద్దమ్మా" అని ఒక మాట కూడా రాశావు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఈ ఊళ్లో ష్రగ్ లాంటి పైతొడుగు వేసుకుని తిరగడమంటే ఏమిటో బెంగళూరులో పెరిగిన నీకు తెలియదు కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక్కడి వేసవి అంకెల్లో అంత భయంకరంగా కనిపించదు. మామూలు రోజున 34, 35 డిగ్రీలు ఉంటుంది, విజయవాడ వాళ్లు విని నవ్వుతారు. కానీ గాలి నిండా సముద్రపు తేమే. పట్టిన చెమట ఆరదు. పడమటి గాలి పైచేయి సాధించి, సముద్రం మీది గాలి ఒడ్డుకు రావడం ఆలస్యమైన రోజున ఎండ కూడా మాడ్చేస్తుంది. అలాంటి చోట బట్ట మీద బట్ట వేస్తే లోపలిది తడిసి జబ్బలకు అతుక్కుంటుంది, పైది దాని మీద అతుక్కుంటుంది. ఏది దాచాలనుకున్నావో అదే గీత గీసినట్టు బయటపడుతుంది. పైగా మధ్యాహ్నానికి నువ్వే విసుగొచ్చి ష్రగ్ తీసి కుర్చీకి తగిలిస్తావు. అప్పుడు లోపల ఉన్న కుర్తీ చేతులు బాగుండాలి కదా! అందుకని పైన వేసే దాని గురించి ఆలోచించడం మానేసి, కుర్తీ చేతుల సంగతి చూద్దాం.

నీ జబ్బలు లావా కాదా అన్న వాదనలోకి నేను దిగను. మీ అమ్మ "నీకేం తక్కువే" అంటుంది. పెళ్లిళ్లలో చుట్టాలు "కాస్త ఒళ్లు చేశావే" అంటారు. బట్ట కత్తిరించేవాళ్లకు ఆ రెండు మాటలూ దండగే. డాబా గార్డెన్స్‌లో ఇన్నేళ్లు మిషన్ ముందు కూర్చున్నదాన్ని, నాకు కావలసింది టేపు మీది అంకె.

చెయ్యి వదులుగా కిందికి వదిలి, జబ్బ ఎక్కడ అన్నిటికంటే లావుగా ఉందో అక్కడ టేపు చుట్టు. చాలామందికి అది చంకకు కొంచెం కిందే ఉంటుంది. ఆ తరువాత మోచెయ్యి మడిచి, పిడికిలి బిగించి అదే చోట మళ్లీ కొలు. అంకె పెరుగుతుంది. టైలర్‌కు చెప్పవలసింది ఈ రెండో అంకె. దాని మీద రెండున్నర అంగుళాలు వదులు పెట్టమను. వేరే ఊళ్లో రెండు చాలు, ఇక్కడ ఆ అర అంగుళం గాలి ఆడటానికి. అంతకు మించి వదులైతే చెయ్యి గొడుగులా నిలబడి మనిషినే వెడల్పు చేస్తుంది.

పొడవు దగ్గరే అందరూ దెబ్బతింటారు. కుర్తీ చెయ్యి అంచు అడ్డంగా ఒక గీత గీస్తుంది, చూసేవాళ్ల కన్ను ఆ గీత దగ్గర ఆగుతుంది. రెడీమేడ్ కుర్తీల పొట్టి చేతులు ఐదారు అంగుళాలే ఉంటాయి, అంటే సరిగ్గా జబ్బ లావుగా ఉన్న చోటే ఆ గీత పడుతుంది. భుజం మీద చిన్న రెక్కలా నిలిచే చేతులైతే మరీ అన్యాయం, వాటిని ఎవరు కనిపెట్టారో గానీ సన్నటి అమ్మాయిల మీద తప్ప చూసి ఉండరు. నువ్వు కుట్టించుకుంటే తొమ్మిది అంగుళాలకు తగ్గనివ్వకు. మోచేతికి అంగుళం పైన ఆగితే ఇంకా మంచిది, అక్కడ చెయ్యి సహజంగానే సన్నబడుతుంది. ముప్పావు చేతులు వేసుకోమని అందరూ చెబుతారు. వేసవిలో నాకు వాటి మీద మోజు లేదు. మోచేతి మడతలో చెమట పడుతుంది, టిఫిన్ డబ్బా కడిగిన ప్రతిసారీ అంచు తడుస్తుంది. చలికాలానికి ఉంచుకో.

అంచు చుట్టుకొలత విడిగా చెప్పాలి, లేకపోతే టైలర్లు అలవాటు కొద్దీ బిగిస్తారు. అది ఆగే చోట చెయ్యి ఎంత ఉందో దానికి ఒకటి, ఒకటిన్నర అంగుళాలు కలిపితే చాలు. అంచు బిగిస్తే దాని కింద కండ ఉబ్బి బయటికొస్తుంది. ఎలాస్టిక్ వేసిన బుట్ట చేతులు నీకు వద్దనేది అందుకే. బయటి వైపు అంచులో రెండు అంగుళాల చీలిక పెట్టించుకుంటే ఆ అడ్డగీత విరిగిపోతుంది, గాలీ ఆడుతుంది.

ఇక చంక. దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ అసలు కీలకం అక్కడే ఉంది. చంక దగ్గర కిందికి దింపి వదులుగా కత్తిరిస్తే హాయిగా ఉంటుందని అనుకుంటారు. దింపు ఎక్కువైతే చెయ్యి వచ్చి పక్కకుట్టులో కింద ఎక్కడో కలుస్తుంది. నువ్వు బస్సులో పై కడ్డీ పట్టుకోగానే అది పక్కలను పట్టి లాగి, కుర్తీ మొత్తం నడుము దాకా లేస్తుంది. చెయ్యి దించాక ఆ మిగులు గుడ్డంతా చంక కింద ముద్దగా చేరి జబ్బను మరింత లావుగా చూపిస్తుంది. చంక పైకి ఉండాలి, చెయ్యి వెడల్పుగా ఉండాలి. ఈ రెండూ ఒక్కచోట కుదరాలంటే పాత రవికెల్లో వేసినట్టు చంక కింద చిన్న చదరపు ముక్క ఐమూలగా అతికించాలి. ఈ కాలం టైలర్లు "ఎందుకమ్మా, బాగానే వచ్చింది కదా" అని తప్పించుకుంటారు. పట్టుబట్టి వేయించుకో. తరువాత అద్దం ముందు నిలబడి రెండు చేతులూ ఎత్తి చూడు. కింది అంచు రెండంగుళాల కంటే ఎక్కువ లేస్తే డబ్బులివ్వకుండా తిరిగి విప్పించు.

భుజం కుట్టు ఎముక చివర కూర్చోవాలి. జబ్బల కోసమని ఒక సైజు పెద్దది కొంటావే, అప్పుడు ఆ కుట్టు జారి జబ్బ మీదికి వస్తుంది, భుజాలు వాలిపోయి చేతులు భారీగా కనిపిస్తాయి. భుజానికి సరిపోయే సైజే కొని, చేతులు వదులు చేయించుకోవడమే పద్ధతి. దానికి కొనేటప్పుడే కుర్తీని తిరగేసి లోపలి కుట్టు చూడు. అర అంగుళం గుడ్డ మిగిల్చి ఉంటే విప్పి వదులు చేయవచ్చు. పోగులు ఊడకుండా మిషన్ మీద వేసే ఓవర్‌లాక్ అంచు కుట్టును రాసుకుంటూ పోయిందంటే విప్పడానికి ఏమీ లేదన్నమాట, వదిలేయ్.

స్లీవ్‌లెస్ కుర్తీల లోపల చేతుల ముక్కలు విడిగా పిన్ను పెట్టి ఇస్తారు, చూసే ఉంటావు. ముక్క ఉంది కదా అని ధైర్యంగా కొనేస్తారు. నువ్వు మాత్రం షాపులోనే ఆ ముక్క తీసి, మడత విప్పి, టేపుతో కొలు. చాలాసార్లు అది పదమూడు పద్నాలుగు అంగుళాల వెడల్పే ఉంటుంది. కుట్టుకు అంగుళం పోగా మిగిలేది నీ జబ్బకు చుట్టు కూడా రాదు. అలాంటప్పుడు ఒక ఉపాయం ఉంది. కుర్తీ పొడవు ఎలాగూ ఎక్కువగా ఉంటుంది, కింద నుంచి రెండంగుళాల పట్టీ కత్తిరించి చేతి లోపలి కుట్టులో కలపమను. అతుకు చంక వైపు పడుతుంది కాబట్టి ఎవరికీ కనిపించదు.

గుడ్డ విషయంలో లేబుల్ మీద ఏముందో చూడు, షాపువాళ్లు చెప్పేది పక్కన పెట్టు. నూలు తన బరువులో ఎనిమిదిన్నర శాతం దాకా తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. అందుకే పాలిస్టర్ జార్జెట్ చేతులు చూడటానికి తేలిగ్గా ఉన్నా, చెమట వాటి కిందే నిలిచిపోయి చర్మానికి అంటుకుంటాయి. రేయాన్ వేరే రకం మోసం. నీళ్లు బాగానే పీల్చుకుంటుంది, మెత్తగా జారుతుంది, అందుకే షాపులో చేతికి తగలగానే నచ్చేస్తుంది. తడిసిందంటే బరువెక్కి ఒంటి మీద పరుచుకుంటుంది. నువ్వు కొన్నవాటిలో సగం రేయానే అని ఫోటోలోనే తెలుస్తోంది. ఇంట్లో ఒక పరీక్ష చేసి చూడు. చెయ్యి అంచు మీద నాలుగు చుక్కలు నీళ్లు చల్లి జబ్బకు అద్ది, చెయ్యి ఊపు. తనంతట ఊడిపోయే గుడ్డ ఈ ఊరికి పనికొస్తుంది, అంటుకుని వేలాడేది రాదు.

మన పక్కనే శ్రీకాకుళం జిల్లాలో పొందూరు ఉంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో వడికి నేసే ఖద్దరు అది. పలుచగా ఉంటుంది గానీ పోగులో కాస్త గరుకు ఉండి ఒంటికి అతకదు. ఖరీదైనదే, ఒక్కటైనా కొనుక్కో. ఆఫీసుకు రోజూ వేసుకోవడానికి మంగళగిరి నూలు గుడ్డ మీటర్ల లెక్కన తీసుకో. అది కాస్త బిరుసుగా ఉండి చేతి ఆకారాన్ని తనే నిలబెడుతుంది. అయితే దాని జరీ అంచు తెచ్చి చేతి చివర వేస్తామంటారు, వద్దను. అందరి కళ్లూ అక్కడికే పోతాయి. ఆ అంచు మెడకో, కింద కుచ్చెళ్లకో వేయించు. ఒంటికి లైనింగ్ వేసి, చేతులకు మాత్రం లైనింగ్ లేకుండా కోటా గుడ్డ పెట్టించుకున్నా బాగుంటుంది. ఆ చిన్న గళ్లలోంచి గాలి వస్తుంది, చెయ్యి సగం కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. ఏ నూలు గుడ్డనైనా రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేశాకే టైలర్‌కు ఇవ్వు. లేకపోతే మొదటి ఉతుకులోనే నువ్వు పెట్టించుకున్న వదులు కాస్తా పోతుంది.

అన్నట్టు, చేతులు జారకుండా పిన్నీసులు పెట్టే అలవాటు ఉంటే ఇక్కడ మానుకో. ఈ ఉప్పుగాలికి తుప్పు పట్టి తెల్ల గుడ్డ మీద మరక వదులుతాయి, అది ఎంత ఉతికినా పోదు.

నీకు నచ్చిన ఆ రెపరెపలాడే చేతుల టాప్ గురించి కూడా చెబుతాను. చెప్పాలంటే నీకు బాగా నప్పే రకమే, జబ్బ మీద వాలుగా పడి గీత తెలియనివ్వదు. చిక్కల్లా బీచ్ రోడ్డు మీదే. సాయంత్రం గాలి వీచిందంటే ఆ చేతులు భుజాల మీదికి ఎగిరిపోయి, వాటిని పట్టుకోవడంతోనే నడక సరిపోతుంది. సన్నగా చుట్టి కుట్టిన అంచు విప్పించి, ముప్పావు అంగుళం మడత పెట్టి మళ్లీ కుట్టించు. ఆ కాస్త బరువుకు చెయ్యి కిందికి కూర్చుంటుంది.

స్లీవ్‌లెస్ నీకు నిషిద్ధం అనుకోకు. సన్నటి తాడు పట్టీలూ, మెడ వైపు లోపలికి కోసేసినవీ వద్దు, అవి జబ్బ మొత్తాన్ని పరిచి చూపిస్తాయి. పట్టీ మూడు అంగుళాల వెడల్పుండి భుజం ఎముక చివర దాకా రావాలి, చంక పైకి ఉండి చర్మాన్ని నొక్కకుండా ఆనాలి. అలా కుదిరిన స్లీవ్‌లెస్ కుర్తీ, కుదరని పొట్టి చేతుల కంటే నీ ఒంటికి ఎన్నో రెట్లు నయం. ఆదివారాలు రుషికొండ తీరానికి పోయినప్పుడు వేసుకుని చూడు. అక్కడ అందరూ తమ చెప్పులు అలకు కొట్టుకుపోకుండా చూసుకునే పనిలో ఉంటారు.

రంగులు, మెడల సంగతి నీకే తెలుసు, రెండు ముక్కలు చాలు. చేతులకు వేరే రంగు గుడ్డ పెట్టించకు, ఒంటి రంగే చేతులకూ రానివ్వు. బూడిద రంగు, లేత నీలం చంక చెమటను ఊరంతా చాటుతాయి. నీలిమందు ముదురు రంగూ, చిన్న పూల అచ్చులూ దాచేస్తాయి. మెడ కోణంగా ఉంటే చూపు మధ్యలోకి దిగుతుంది, పనితనం ఏమున్నా అక్కడే పెట్టించు.

అక్షయ తృతీయకు సింహాచలం చందనోత్సవానికి వస్తానన్నావు. ఆ రోజు నిజరూప దర్శనం క్యూలో గంటల తరబడి నిలబడాలి, చుట్టూ జనం ఒరుసుకుంటూ ఉంటారు. మోచేతి దాకా చేతులున్న మంగళగిరి కుర్తీ, పలుచటి మల్ చున్నీ తెచ్చుకో. పట్టు లంగా ఓణీ వేసుకోమని మీ అమ్మ అంటే నాకు ఫోన్ ఇవ్వు.

ఆ వారంలోనే పెళ్లి కూడా ఉంది కాబట్టి చీర మీదికి రవికె కావాలి. చేతులు పది అంగుళాలు, అంచు దగ్గర పెద్ద జరీ వద్దు, చీర అంచులోంచి సన్నటి గీత ఒక్కటి తీసి వేయిస్తే చాలు. రవికెకు వదులు అంగుళం కంటే ఎక్కువ పెట్టకూడదు, లేకపోతే చంక దగ్గర ముడతలు పడతాయి. కాబట్టి కొలత సరిగా పంపు, చెయ్యి మడిచి తీసిన అంకె. వైశాఖంలో ముహూర్తాలు మొదలయ్యాక పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఏ టైలరూ కొత్త గుడ్డ పట్టుకోడు. ఈ నెలాఖరులోగా చీరా, రెండు మంచి కుర్తీలూ పార్సిల్ చేస్తే నేను దగ్గరుండి చేయిస్తాను. వాటితోపాటు లోపల పిన్ను పెట్టి ఇచ్చిన చేతుల ముక్కలు కూడా పంపడం మరచిపోకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ