కాలువ గట్టున గుంపుగా సైకిల్ రైడ్: ఎంత దూరం, ఎలా?

పదిమంది దాకా ఉన్నాం, కొందరు సైకిల్ తొక్కి ఏళ్లయింది, కాలువ గట్టున వాహనాలు రాని దారిలో ఒక పూట తీరిగ్గా తిరిగొద్దామనుకుంటున్నాం, ఎంత దూరం పెట్టుకోవచ్చు అని అడిగారు. ఇలాంటి రైడ్‌లు స్నేహితులతో చాలాకాలంగా చేస్తున్నాను. ఎక్కువగా గుంపు చివర ఉండేది నేనే. అక్కడి నుంచి చూసినవే చెబుతాను.

రానూపోనూ కలిపి 25 కిలోమీటర్లు పెట్టుకోండి, 30 దాటొద్దు. "చదును దారే కదా, 50 చేసేద్దాం" అని ఎవరో ఒకరు అంటారు, ఒప్పుకోకండి. ఎత్తు ఎక్కే కష్టం ఉండదన్నది నిజమే, కానీ పల్లం కూడా ఉండదు. పల్లం వస్తే కాళ్లు ఆపి, సీటు మీంచి కాస్త లేచి ఒళ్లు సర్దుకుంటాం. గట్టు మీద ఆ వీలుండదు, ఒకే తీరుగా కూర్చుని తొక్కుతూనే ఉండాలి. అలవాటు లేనివాళ్లకి ముందు నొప్పెట్టేది కాళ్లు కాదు, కూర్చునే చోటు, ఆ తర్వాత అరచేతులు. వెనక నుంచి చూస్తే ఇది ఇట్టే తెలిసిపోతుంది. సీటు మీద అటూ ఇటూ జరుగుతుంటారు, ఒక చెయ్యి వదిలి విదిలించుకుంటారు, అప్పటిదాకా గలగలా మాట్లాడినవాళ్లు మౌనంగా అయిపోతారు. ఆగుదామని మాత్రం నోరు తెరిచి అడగరు, అందరినీ ఆపేస్తున్నామన్న మొహమాటం. అందుకే 5 కిలోమీటర్లకోసారి ఆగుతామని బయలుదేరే ముందే చెప్పేయండి.

ఆగినప్పుడు ఒక్క విషయం తప్పకుండా పాటించండి. ముందు చేరినవాళ్లు హాయిగా పది నిమిషాలు కూర్చుంటారు, చివరివాళ్లు రాగానే "పదండి పదండి" అంటూ లేస్తారు. అంటే అందరికంటే అలసిన మనిషికే విశ్రాంతి దొరకదు! చివరి సైకిల్ ఆగాకే విరామం మొదలైనట్టు లెక్క. నా దృష్టిలో ఈ ఒక్క నియమం మీదే గుంపు రైడ్ నిలబడుతుంది. వేగం గంటకి 12 కిలోమీటర్ల దగ్గర ఉంచి, నెమ్మదిగా తొక్కేవాళ్లని లీడర్ వెనకే రెండో స్థానంలో పెట్టండి. దారి కాలువ వదిలి మలుపు తిరిగే చోట, వంతెన మీదుగా అవతలి గట్టుకి మారే చోట ఒకరు నిలబడి, చివరి సైకిల్ వచ్చేదాకా దారి చూపాలి.

పాత కాలువల గట్టు దారులు చాలావరకు పడవలకి తాడు కట్టి లాగే గుర్రాల కోసం వేసినవి, నీటి మట్టం వెంటే సాగుతాయి కాబట్టి అంత చదునుగా ఉంటాయి. చెప్పుకోదగ్గ ఎత్తు లాకుల దగ్గరే వస్తుంది, అంటే పడవల్ని ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే గేట్ల దగ్గర. మ్యాప్‌లో లాకులు ఎక్కడున్నాయో చూస్తే ఎక్కడ కాళ్లకి పని పడుతుందో తెలిసిపోతుంది. అమెరికాలోని చెసపీక్ అండ్ ఒహాయో కాలువ మీద 297 కిలోమీటర్ల దారిలో 74 లాకులు పరుచుకుని ఉంటాయి. ఇంగ్లాండ్‌లో కెనెట్ అండ్ ఏవన్ కాలువ మీద డివైజెస్ దగ్గర మాత్రం 29 లాకులు సుమారు 3 కిలోమీటర్లలోనే వస్తాయి, 72 మీటర్ల ఎత్తు ఎక్కాలి.

నేల సంగతి కూడా ముందే కనుక్కోండి. ఫ్రాన్స్‌లోని కెనాల్ దు మిది వెంట తులూజ్ నుంచి దాదాపు 50 కిలోమీటర్లు చక్కటి తారు దారి, ఆ తర్వాత చాలాచోట్ల మట్టి, చెట్ల వేర్లు. మట్టి దారికి 35 మిల్లీమీటర్లు, అంతకు మించిన టైర్లుంటే ఒంటికి సుఖం. గాలి మరీ గట్టిగా కొట్టించొద్దు. ఒక్కొక్కరి చక్రం సైజు, వాల్వు రకం వేరుగా ఉంటాయి కాబట్టి ఎవరి స్పేర్ ట్యూబు వాళ్లే తెచ్చుకోవాలి, పంపు ఒకటో రెండో చాలు.

పాత రైలు పట్టాలు తీసేసి వేసిన దారులైతే వాలు చాలావరకు నూరు మీటర్లకి రెండు మీటర్ల లోపే, కంటికి ఆనదు. కానీ కిలోమీటర్ల తరబడి సాగితే కాళ్లు లాగేస్తాయి. అలాంటి ఎక్కుడు, ఎదురుగాలి రెండూ వెళ్లేటప్పుడే పడేలా చూసుకుంటే తిరుగు ప్రయాణం సుఖంగా ఉంటుంది.

ఇక జాగ్రత్తలు. పాత వంతెనల కింద దారి ఇరుకు, కప్పు తక్కువ ఎత్తు, అవతలి నుంచి వచ్చేవాళ్లు కనపడరు. బెల్లు కొట్టి ఒకరి వెనక ఒకరు వెళ్లండి, అనుమానంగా ఉంటే దిగి నడిపించండి. నీటి అంచున చక్రం తడబడితే నీళ్లకేసి చూడొద్దు, కన్ను ఎటు పోతే సైకిల్ అటే పోతుంది. వానకి తడిసిన చెక్క వంతెన మీద బ్రేకు నొక్కొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. నడిచేవాళ్లకి, గాలం వేసుకుని కూర్చున్నవాళ్లకి దూరం నుంచే ఒకసారి బెల్లు వినిపించి, వేగం తగ్గించి దాటండి. ఆగేటప్పుడు సైకిళ్లన్నీ దారి పక్కకి, నీళ్లకి దూరంగా ఉన్న వైపుకి తీయాలి.

సీటు ఎత్తు, బ్రేకులు ముందు రోజే చూసుకోమని అందరికీ చెప్పండి. మీ గుంపులో చిన్నపిల్లలుంటే వయసులు రాయండి, వాళ్లకి దూరం వేరేగా వేసుకోవాలి.